వాడ మాటలు – 17: ఫాదర్‌గారి రిజిస్టరు



ఈ వారం మా పెదనాన్న గురించి రాస్తున్నాను. వాడంతా ఆయన్ని ఫాదర్‌గారు అంటుంది. నాకు పెదనాన్న వరస. 78 ఏళ్ళు. నలభై ఏళ్ళకు పైనే ఊరూరా పూజ చెప్పి, రిటైరయ్యారు. రిటైరైన గురువులకు మేత్రాసనం వాళ్ళు గది ఇస్తారు, వంట చేసి పెడతారు, మందులు చూస్తారు. అక్కడ ఆరు నెలలు ఉండి, మా మాదిగపల్లెకు తిరిగొచ్చేశారు. ఇప్పుడు తమ్ముడి ఇంటి వసారాలో నులక మంచం, ఒక ట్రంకు పెట్టె, గోడకు ఒక పక్క సిలువ, ఇంకో పక్క అంబేద్కర్. సాయంత్రమైతే పల్లెలో పిల్లలు స్కాలర్‌షిప్ కాగితాలు పట్టుకుని ఆయన దగ్గర చేరతారు.

మీకు పిలుపు ఎలా వచ్చింది పెదనాన్నా అని అడిగాను.

"నాకు దేవుడి పిలుపు వినపడలేదురా. అన్నం గంట వినపడింది."

ఆయన తండ్రి ఒక ఆసామి దగ్గర జీతగాడు. పిల్లాడికి ఎనిమిదేళ్ళప్పుడు ఉపదేశి తీసుకెళ్ళి బోర్డింగులో వేశాడు. మూడు పూటలా అన్నం పెట్టే చోటు ఒకటి ఉంటుందని అక్కడే తెలిసింది. పశువుల వెంట పోవాల్సిన వాడు లాటిన్ పాటలు నేర్చాడు. ఆయన అనుకున్నది చదువుకుని టీచరవ్వాలని. అయింది ఫాదర్.

ఇది చదవగానే కొందరికి నవ్వొస్తుంది, నాకు తెలుసు. "చూశారా, అన్నానికి మతం మారారు." గోధుమ పిండి క్రైస్తవులు, పాలపొడి క్రైస్తవులు. ఎన్ని తరాలుగా వింటున్నాం ఈ మాట! సరే, ఒక్కసారి లెక్క చూద్దాం. ఒంగోలు ప్రాంతంలో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ళ వ్యాపారి బాప్తిస్మం తీసుకున్నది 1866లో. పెద్ద కరువు వచ్చింది 1876లో. అంటే గంజి కేంద్రాలకు పదేళ్ళ ముందే మా వాళ్ళు నడిచి వెళ్ళారు. కరువులో బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించిన క్లౌ దొర, తిండి కోసం వస్తున్నారన్న మాట రాకూడదని, ఆ సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం అయిపోయాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. వాళ్ళు బాప్టిస్టులు, మేము క్యాథలిక్కులం, ఆ తేడా వేరే. తిట్టు మాత్రం అందరికీ ఒకటే.

ఇంకో మాట. ఒకవేళ అన్నం కోసమే వెళ్ళారనుకుందాం. సిగ్గు ఎవరిది? అన్నం కోసం దేవుణ్ణి మార్చుకోవాల్సి వచ్చినవాడిదా, పండించినవాడికి అన్నం పెట్టని ఊరిదా?

ఇక అసలు సంగతి. ఆ ట్రంకు పెట్టె గురించి అడిగితే పెదనాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు.

1990లలో ఒక విచారణలో ఉన్నప్పుడు ఆర్.ఐ. ఒకాయన గుడికి వచ్చాడట. ఎస్సీ కోటాలో ఉద్యోగం వచ్చిన ఒక కుర్రాడి మీద ఎవరో అర్జీ పెట్టారు, జ్ఞానస్నాన రిజిస్టరు చూపించమన్నాడు. ఆ కుర్రాడు నెల బిడ్డగా ఉన్నప్పుడు నీళ్ళు పోసింది ఈయనే. పేజీ తీసి చూపించారు. గురువు అబద్ధం ఆడకూడదు కదా. ఉద్యోగం పోయింది. ఆ అబ్బాయి మద్రాసు వెళ్ళి కూలిపని చేశాడు. మళ్ళీ గుడి మెట్లెక్కలేదు.

"ఆ రోజు చెదలు తినేసిందని చెప్పి ఉంటే నేను మంచి క్రైస్తవుణ్ణి అయ్యేవాణ్ణిరా" అన్నారు పెదనాన్న. ఆ పేజీని చేత్తో రాసుకున్న నకలు ఆ పెట్టెలో ఉంది.

మిత్రులారా, తప్పు ఆ ముసలాయనదా? నిజం చెప్తే ఉద్యోగం పోతుంది, అబద్ధం చెప్తే దేవుడు పోతాడు అనే చోటికి ఆయన్ని నెట్టింది ఎవరు?

1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. అందులో మూడో పేరా. హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులస్తుడు కాడు అంది. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను బయటే నిలబెట్టారు. మన దగ్గర దళిత క్రైస్తవుడు బీసీ-సీ, వాటా ఒక్క శాతం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరా తీసేయమంది. తీయలేదు. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు, గడువు మీద గడువు ఇచ్చారు. అధ్యయనం చేయడానికి ఏముందయ్యా? ఏ ఊరికైనా వచ్చి, చర్చి ఊళ్ళో ఉందో పల్లెలో ఉందో చూస్తే చాలదా?

1985 గుర్తు చేసుకోండి. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టే సూసై అనే ఆది ద్రావిడుడు, తోటి చర్మకారులకు ఉచితంగా ఇచ్చే బంకు తనకూ ఇవ్వమని సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. క్రైస్తవుడివి కాబట్టి కుదరదు అన్నారు. మతం మారాక కూడా అదే తీవ్రతతో బాధలున్నాయని రుజువు కావాలి అన్నారు. రుజువా? అదే ఏడాది జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను నరికి చంపారు. చనిపోయిన వాళ్ళలో బైబిలు పేర్లున్నవాళ్ళు ఉన్నారు. బతికినవాళ్ళు పరిగెత్తి చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. గొడ్డలి ఎత్తినవాడు ఎవరినైనా జ్ఞానస్నాన సర్టిఫికెట్ అడిగాడా?

మొన్న 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ పెట్టిన అట్రాసిటీ కేసు కొట్టేసింది. క్రైస్తవంలో కులం లేదు కాబట్టి ఆ చట్టం వర్తించదు అంది. అంటే ఏమిటి? ఆదివారం ప్రార్థన చేసేవాణ్ణి సోమవారం కులం పేరుతో తిట్టొచ్చు అన్నమాట.

క్రైస్తవంలో కులం లేదా? ఇప్పుడు చర్చి వాళ్ళతో మాట్లాడాలి. పెదనాన్న మొదటి విచారణలో రెడ్లు, కమ్మవాళ్ళు తరతరాల క్యాథలిక్కులు. మాదిగ ఫాదర్ వచ్చాడని తెలిశాక, సత్ప్రసాదం వరసలో నిలబడ్డవాళ్ళు కొందరు పక్కకు జరిగి వెళ్ళిపోయారట. "క్రీస్తు శరీరం కూడా నా చేతిలోకి వచ్చేసరికి మైలపడింది" అన్నారాయన, నవ్వుతూనే. తిరుచ్చి మేలపుదూరులో క్యాథలిక్ శ్మశానంలో గోడ కట్టి శవాలను విడదీశారు. 2000లో మారంపూడి జోజి హైదరాబాద్ ఆర్చిబిషప్ అయ్యారు, 2022లో పూల ఆంథోని కార్డినల్ అయ్యారు, సంతోషమే. 2016లో బిషప్పులే దళితుల కోసం ఒక విధాన పత్రం తెచ్చి, చర్చిలో కులం ఉందని ఒప్పుకున్నారు. ఒక తలమీద ఎర్ర టోపీ పెట్టినంత మాత్రాన శ్మశానంలో గోడ కూలదు. ఢిల్లీలో మూడో పేరా తీయమని అడిగే నోటితోనే, మీ బడుల్లో, ఆస్పత్రుల్లో మా పిల్లలకు ఎన్ని ఉద్యోగాలిచ్చారో చెప్పండి.

మనవాళ్ళకూ ఒక మాట. "ఏసుని వదిలెయ్, బౌద్ధంలోకి రా, సర్టిఫికెట్ ఉంటుంది" అనే అన్నలున్నారు. బాబాసాహెబ్ 1956లో నాగపూర్‌లో దీక్ష తీసుకున్నది సర్టిఫికెట్ కోసమా? అప్పటికి బౌద్ధులకు ఆ సర్టిఫికెట్ లేనేలేదు. ఆయన దారి ఎంచుకున్నాడు, మూల్యం కట్టడానికి సిద్ధపడ్డాడు. పెదనాన్న మాట వినండి: "బుద్ధుడి దగ్గరికెళ్తే కులం ఉంటుంది, ఏసు దగ్గరికెళ్తే పోతుంది అంటే, నా దేవుణ్ణి ఎంచేది నేనా, ఎమ్మార్వోనా?"

చివరికి అడిగాను, ఇంత జరిగాక కూడా నమ్మకం ఉందా అని.

"ఆ పిల్లాడు కనపడితే కాళ్ళ మీద పడాలనిపిస్తది. అలా అనిపించినన్నాళ్ళూ ఉన్నట్టే" అన్నారు. మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని, పక్కనున్న పిల్ల ఫారంలో తండ్రి పేరు సరిదిద్దారు.

విద్యార్థి మిత్రులారా, మీ హాస్టల్లో ఎవడి మెడలో సిలువ ఉందో చూసి వాడి సర్టిఫికెట్ గురించి గుసగుసలాడకండి. ఆ రోజు గుడికి ఆర్.ఐ.ని పంపిన అర్జీ అలాంటి గుసగుసతోనే మొదలైంది. మన పోట్లాట మనలో మనకు కాదు, మూడో పేరాతో. దాని గురించి మీ కాలేజీలో ఒక సభ పెట్టండి. పిలిస్తే పెదనాన్న వస్తానన్నారు, బస్సు ఎక్కించి దించే బాధ్యత నాది.

వచ్చే వారం: శ్మశానం జాగా.

జై భీమ్.