పట్టా వచ్చింది, మట్టి పోతోంది



ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి సీతంపేటకో గుమ్మలక్ష్మీపురానికో ర్యాలీకి వస్తావు కదా. ఫ్లెక్సీ కడతాం, డప్పు కొడతాం, ఫోన్‌లో స్టేటస్ పెడతాం. ఈసారి ర్యాలీ అయ్యాక ఇంకో పని కూడా చెయ్యి. మీ ఊరి కొండ ఎక్కి, మీ అయ్య వేసిన కంది చేనులో ఒక మొక్కని తవ్వు. పీకొద్దు. పీకితే నువ్వు చూడాల్సింది మట్టిలోనే ఉండిపోతుంది. గునపంతో చుట్టూ తవ్వి మట్టిగడ్డతో సహా తీసి, నీళ్లలో మెల్లగా కడుగు.

వేళ్లకి చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోరుతో చీల్చు. లోపల ఎర్రగా, మన నెత్తురు రంగులో ఉంటే ఆ మొక్క పని చేస్తోంది. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే పని చెయ్యట్లేదు. అసలు బుడిపెలే లేకపోతే ఆ చేనుకి ఏదో జరిగింది.

ఆ ఏదో ఏమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

డిగ్రీలో నాది బోటనీ. రైజోబియం బాక్టీరియా బొమ్మ రికార్డులో గీశాను, మార్కులు తెచ్చుకున్నాను. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి ఇచ్చేది అదేనని బట్టీ పట్టాను. కానీ మా కొండ మీద అదే బొమ్మ వేల బుడిపెలుగా మొలుస్తోందని డిగ్రీ అయిపోయాక గానీ చూడలేదు. మా చేనులో ఒక పక్క మా అయ్య గెత్తం వేసి విత్తాడు. ఇంకో పక్క పక్కూరి దుకాణంలో చెప్పారని యూరియా చల్లాడు. రెండు చోట్లా నాలుగేసి మొక్కలు తవ్వాను. యూరియా పక్క మొక్క పచ్చగా, ఏపుగా ఉంది, బుడిపెలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. గెత్తం పక్క మొక్క కొంచెం పొట్టిగా ఉంది, వేరు నిండా ఎర్రటి బుడిపెలు.

ఇందులో మాయ ఏం లేదు. మట్టిలో తయారు నత్రజని ఎక్కువగా దొరికితే పప్పుజాతి మొక్క బుడిపెలు కట్టడం తగ్గించేస్తుంది. ఇంట్లో వండి పెట్టేవాళ్లుంటే మనం పొయ్యి ముట్టిస్తామా? అదీ అంతే. అంటే మా అయ్య డబ్బు పెట్టి కొన్నది, కొండ ఊరికే ఇస్తున్నదాన్ని ఆపడానికి పనికొచ్చింది.

ఇప్పుడు దుకాణదారు లెక్క విను. "బాబూ, గెత్తంలో ఏముంది? టన్నుకి 5 కిలోల నత్రజని. నా 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోల పైనే ఉంది. అంటే నా ఒక్క బస్తా మీ 4 టన్నుల గెత్తం. 4 టన్నులు కొండెక్కిస్తావా, ఒక బస్తా ఎక్కిస్తావా?"

లెక్క తప్పు కాదు. రోడ్డు లేని ఊళ్లలో గర్భిణినే డోలీలో మోస్తున్నాం, 4 టన్నుల గెత్తం ఎవరు మోస్తారు? అందుకే ఆ లెక్క వినగానే మనోళ్ల నోరు మూతపడుతుంది. కానీ అడగాల్సిన ప్రశ్న అది కాదు. కందికి యూరియా కావాలని ఎవరు చెప్పారు? వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల సిఫారసే చూడు. ఎకరా కందికి 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం. ఆ 8 కిలోలు కూడా మొలిచిన తర్వాత బుడిపెలు కట్టి పని మొదలుపెట్టే దాకా మొక్కకి ఆసరాగా ఉండటానికే. మిగతాది కంది తానే సంపాదించుకుంటుంది. తాను తినగా రాల్చిన ఆకులోనూ, కుళ్లిన వేరులోనూ తర్వాతి పంటకి మిగిల్చి పోతుంది. కంది తర్వాత వేసిన మొక్కజొన్నకి ఆ మిగులు హెక్టారుకి సుమారు 40 కిలోల నత్రజనితో సమానమని ప్రయోగాల్లో తేలింది. ఎకరాకి లెక్క కడితే ముప్పావు బస్తా యూరియా. బిల్లు లేకుండా, డోలీ లేకుండా, కొండ మీదే తయారైనది.

ఇంకోటి. మనది ఎర్రమట్టి. ఇలాంటి మట్టిలో భాస్వరం ఉన్నా ఇనుముకి అతుక్కుని ఉంటుంది, చాలా పంటలకి అందదు. కంది వేరు ఒక ఆమ్లాన్ని వదిలి, ఆ ఇనుము పట్టు విడిపించి భాస్వరం లాక్కుంటుంది. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో జరిగిన పరిశోధన ఇది, 1990లో సైన్స్ పత్రికలో వచ్చింది. మన పెద్దోళ్లు సామ, చోడి, జొన్నల మధ్య కంది ఎందుకు కలిపి చల్లేవాళ్లో పత్రికలు వాళ్లని అడగలేదు. ఆ ఆమ్లం పేరు వాళ్లకి తెలియదు, కంది పడిన చోట తర్వాతి పంట బాగుంటుందని మాత్రం తెలుసు. అందుకే కొత్త కందిని పండుగ చెయ్యకుండా నోట పెట్టుకోలేదు. కందికొత్త అంటే తిండి పండుగ ఒక్కటే కాదు, మట్టికి బాకీ తీర్చే పండుగ అని నేననుకుంటాను.

మరి గెత్తం ఎందుకు? నత్రజని కోసం కాదు. బుడిపెలోని బాక్టీరియాకి గాలి కావాలి, తేమ కావాలి, బతకడానికి కర్బనం ఉన్న మట్టి కావాలి. కొండ వాలులో ఒక్క గట్టి వాన పడితే పై మట్టి గెడ్డలోకి పోతుంది. గెత్తం పడిన మట్టి గుల్లగా ఉండి నీళ్లు పీల్చుకుంటుంది, వాన ఆగిపోయాక ఇంకొన్నాళ్లు తేమ పట్టి ఉంచుతుంది. అందులో కొద్దికొద్దిగా భాస్వరం, పొటాష్, జింకు లాంటివన్నీ ఉంటాయి. నత్రజని తూకంలో గెత్తాన్ని కొలవడం అంటే అమ్మని ఆమె కట్టిన చీర ధరతో కొలవడమే.

ఇక్కడ మనల్ని మనం కూడా కొంచెం తిట్టుకోవాలి.

"ఆదివాసీ సాగు అంటేనే సేంద్రియం" అని మీటింగుల్లో చెప్పుకుంటున్నాం. అన్ని ఊళ్లలో అది నిజం కాదు. ఒకప్పుడు పోడు కొట్టిన చోటు వదిలేసి చాలా ఏళ్లకి తిరిగి వచ్చేవాళ్లం, ఆలోగా అడవే మట్టిని బాగు చేసేది. ఇప్పుడు ఆ వ్యవధి లేదు. ఉన్న ముక్కనే ఏటా దున్నుతున్నాం, ఏటా చెత్త తగలబెడుతున్నాం. బూడిదలో పొటాష్ మిగులుతుంది నిజమే, కానీ కంది రాల్చిన ఆకు, అందులోని నత్రజని, కర్బనం పొగలో పోతాయి. వాలు పైన కలిపి వేసే పంటలు తీసేసి చాలా చోట్ల జీడి తోటలు పెట్టాం. జీడి డబ్బులిస్తుంది, కాదనను. కానీ తోట గుబురెక్కాక కింద కందికి చోటుండదు. అప్పుడు సంతలో పప్పు కొంటాం. పప్పు పండించిన జాతి పప్పు కొనుక్కుంటోంది.

పచ్చి పేడ తెచ్చి చేనులో పోసి "సేంద్రియం చేశాం" అనేవాళ్లూ ఉన్నారు. మాగని గెత్తంతో చెదలూ వేరుపురుగులూ వస్తాయి. గొయ్యి తీసి, ఆకూ పేడా పొరలుగా వేసి, తడిపి, కొన్ని నెలలు మాగనివ్వాలి. కంది ఎండు తెగులు పడే చేనుకైతే 90 కిలోల మాగిన గెత్తంలో 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, తడి గోనె కప్పి వారం పది రోజులు ఉంచి, అప్పుడు చల్లాలి. శ్రమే. ఫోటో దిగినంత సులువు కాదు.

ఇక జీవన ఎరువుల సంగతి. వీటి మీద రెండు రకాల అబద్ధాలు నడుస్తున్నాయి. ఒకటి, పాకెట్ కలిపితే చాలు పంట రెట్టింపు అని. రెండు, ఇవన్నీ దండగ అని. రెండూ నమ్మకు. కంది ఏటా పడుతున్న చేనులో దానికి సరిపడే బాక్టీరియా చాలావరకు ముందే ఉంటుంది. అక్కడ పాకెట్ వల్ల పెద్ద తేడా కనబడకపోవచ్చు. చాలా ఏళ్లుగా పప్పుజాతి పంటే వెయ్యని భూమిలో మాత్రం అది నిజంగా పనికొస్తుంది. ఎకరా విత్తనానికి 200 గ్రాముల పాకెట్ చాలు. బెల్లం నీళ్లు కాచి చల్లార్చి, విత్తనానికి పట్టించి, నీడలో ఆరబెట్టి, ఆ రోజే విత్తాలి. విత్తన శుద్ధి మందు వాడితే అది ముందు, రైజోబియం ఆఖరున. పాడేరు, చింతపల్లి వైపు రాజ్మా వేసే మిత్రులు ఒకటి గుర్తు పెట్టుకోండి. రాజ్మా కందిలా కాదు, బుడిపెలు సరిగ్గా కట్టదు, దానికి నత్రజని బయటనుంచి కొంత ఇవ్వాల్సిందే. కంది లెక్క పట్టుకెళ్లి రాజ్మా మీద రుద్దొద్దు.

పాకెట్‌లో ఉన్నది పొడి కాదు, ప్రాణం. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందకి 2006లో జీవన ఎరువుల్ని తెచ్చారు. గ్రాముకి కనీసం 5 కోట్ల బతికున్న కణాలు ఉండాలని ప్రమాణం పెట్టారు. గడువు కొన్ని నెలలే, అది కూడా చల్లని చోట పెడితేనే. నిరుడు మా ఊళ్లో పంచిన పాకెట్లు తిరగేసి చూశాను. గడువు దాటి రెండు నెలలు. ఎండాకాలమంతా రేకుల షెడ్డులో పడున్నాయి. మా అయ్య వాటిని నమ్మకంగా బెల్లం నీళ్లలో కలిపాడు. చచ్చిన బాక్టీరియాకి మా ఇంటి బెల్లం దండగ చేశాం. ఆ ఫెయిల్యూర్ ఎవరి ఖాతాలో పడుతుందో తెలుసా? "గిరిజనులకి ఎంత ఇచ్చినా సరిగ్గా వాడుకోరు" అని మన ఖాతాలోనే.

అసలు విషయానికి వస్తున్నా. ఇది ఎరువు సమస్య కాదు, హక్కు సమస్య.

గెత్తం ఎక్కణ్ణుంచి వస్తుంది? పశువు నుంచి. పశువు ఎక్కడ మేస్తుంది? అడవిలో. మేతకి తోలితే కేసు పెడతామన్నారు, మేసే చోట ప్లాంటేషన్ వేసి కంచె కట్టారు. మేపలేక మనోళ్లు ఆవుల్ని సంతలో అమ్ముకున్నారు. మందలు తగ్గాయి, చేలో మంద కట్టే రాత్రులు పోయాయి, గెత్తం పోయింది. అప్పుడు వచ్చి "సేంద్రియ సాగు చెయ్యండి, ట్రైనింగ్ ఇస్తాం" అంటున్నారు. మేత లాక్కుని గెత్తం గురించి పాఠం చెప్తున్నారు!

2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి) చదువు. మేత హక్కు సామూహిక హక్కుగా అక్కడ స్పష్టంగా రాసి ఉంది. మనమేమో వ్యక్తిగత పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి, సామూహిక క్లెయిమ్ కాగితాల్ని పక్కన పెట్టేశాం. 1/70 చట్టం మన భూమిని బయటోళ్లకి పోకుండా కాపాడటానికి వచ్చింది. కానీ మట్టి వానకి గెడ్డలోకి పోతుంటే ఏ చట్టం ఆపుతుంది? పట్టా కాగితం మీద ఎకరాలు రాసి ఉంటాయి, ఆ ఎకరాల్లో ప్రాణం ఎంతుందో రాసి ఉండదు. భూసార పరీక్ష కార్డులో కూడా వర్షాధార భూమికి 10 హెక్టార్లకి ఒక్క నమూనా తీస్తారు. మన కొండ పైనా కిందా మధ్యా మూడు రకాల మట్టి, కార్డులో ఒక్కటే అంకె.

పట్నంలో ఉండి మా పోరాటానికి మద్దతిచ్చే మిత్రులారా, మీకూ ఒక మాట. "ట్రైబల్ ఆర్గానిక్ కందిపప్పు" అని అందమైన పాకెట్ కొంటున్నారు, సంతోషం. కొనేముందు ఆ పండించిన మనిషికి ఎంత వెళ్లిందని అడగండి. 2025-26కి కంది మద్దతు ధర క్వింటాలుకి 8,000 రూపాయలు. సంతలో సావుకారు కుంచంతో కొలిచే దగ్గర ఆ అంకె ఎవరికీ వినపడదు. మట్టిని కాపాడిన ఖర్చు పంట ధరలో రాకపోతే, రేపు ఆ రైతు కూడా జీడే పెడతాడు. తప్పు పట్టే హక్కు మనకుండదు.

మిత్రమా, ఈ సీజనుకి మనం అడగాల్సినవి మూడు.

ఒకటి, గ్రామసభ పెట్టించు. మేత హక్కుకి సామూహిక క్లెయిమ్ తీర్మానం రాయించు. రాత నీకు వచ్చు, మీ అయ్యకి రాదు. నీ డిగ్రీ మొదట పనికొచ్చేది అక్కడే.

రెండు, రైతు సేవా కేంద్రంలో జీవన ఎరువులు విత్తనాలకి ముందే, గడువులోపల రావాలని రాతపూర్వకంగా అడుగు. పాకెట్ మీది తేదీ ఫోటో తియ్యి. గడువు దాటితే తీసుకోవద్దు, గ్రూపులో పెట్టు.

మూడు, కంది మద్దతు ధరకి కొనే కేంద్రం కొండ కింద సంతలోనే పెట్టమని అడుగు.

ఇవి వాళ్లు చెయ్యాల్సినవి. మనం చెయ్యాల్సింది ఒక్కటే. ఈ ఏడు కంది ఆకు తగలబెట్టకుండా చేనులోనే వదిలెయ్. ఒక గొయ్యి గెత్తం మాగబెట్టు. వచ్చే ఆగస్టు 9న మళ్లీ ఒక మొక్క తవ్వు.

గోరుతో చీల్చినప్పుడు లోపల ఎరుపు కనబడితే ఫోటో తీసి ఈ పోస్టు కింద పెట్టు. కొమరం భీం అడిగిన జల్, జంగల్, జమీన్‌లో జమీన్ అంటే పట్టా పాస్‌బుక్ ఒక్కటే కాదు. ఆ ఎరుపు కూడా.

జై ఆదివాసీ.