సొంత పాటకు ఒక గంట ఇవ్వరాదా?

భోగాపురం : మన ప్రాంతంలో గ్రామదేవత పండుగ వచ్చిందంటే రాత్రికి ఆర్కెస్ట్రా ఉండి తీరవలసిందే. చందాలు వసూలవుతాయి, స్టేజి లేస్తుంది, మైకుసెట్టు హోరెత్తుతుంది. కాని స్టేజి ఎక్కిన కుర్రాళ్లు సినిమా పాటను ఉన్నదున్నట్టు వాయించి దిగిపోవాలి. కీబోర్డు మీద తాము కట్టుకున్న బాణీ ఒక్కటి వినిపించబోతే "ఇదేటి పాటర్రా, ఆపండి" అని కింద నుంచి కేక. కమిటీ పెద్దలదీ అదే మాట. ఇదేమి న్యాయం?

అది మన వాద్యం కాదన్నది ఒక అభ్యంతరం. ఫిడేలు మాత్రం మనదా? పడమటి దేశాలదే. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు ఆచార్యులుగా చేరారు. ఆదిభట్ల నారాయణదాసు గారి తర్వాత ప్రిన్సిపాలూ అయ్యారు. ఆ పరాయి వాద్యంతోనే మన జిల్లా పేరు దేశమంతా పాకింది. హార్మోనియాన్ని రేడియో వారు 1940లో వెలివేసి 1971 దాకా దగ్గరకు రానివ్వలేదు. అయినా మన నాటకాల్లో ఆ పెట్టె లేకుండా పద్యం లేచిందా?

సింథసైజరు కూడా పెట్టే, కాకపోతే కరెంటుతో శబ్దం పుట్టిస్తుంది. బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో దాని మీద పది రాగాలు వాయించి రికార్డు తెచ్చారు. అప్పుడు పట్టించుకున్నవారు లేరు. 2010లో మళ్లీ విడుదలైతే విదేశాల వారు శభాష్ అన్నారు. జర్మనీలో క్రాఫ్ట్‌వెర్క్ అనే బృందం 1974లో తమ దేశపు పెద్ద రోడ్డు మీది ప్రయాణాన్నే 22 నిమిషాలకు పైబడిన పాటగా కట్టింది. మనకు మాత్రం పెద్ద రోడ్డు లేదా? 16వ నెంబరు జాతీయ రహదారి ఊరి మీదుగానే పోతున్నది. ఒకవైపు లారీలు, ఒకవైపు సముద్రం, 2019లో ఒకసారి, 2023లో మరొకసారి శంకుస్థాపన జరిగిన విమానాశ్రయం, దానికింద పోయిన పొలాలు. పాటకు సరుకు కరువు కాదు.

పాట పొడుగైతే జనం లేచిపోతారట! జముకుల కథను తెల్లవార్లూ విన్న జనం వీరే కదా.

ఒక్క మాట కుర్రాళ్లకూ చెప్పాలి. మీట నొక్కితే తాళం దానంతటదే నడుస్తుంటే, ఊరికే వేళ్లు ఆడిస్తూ నిలబడడం వాయించడం కాదు. ఊళ్లోనే తప్పెటగుళ్ల వారున్నారు. గుండె మీద రేకు తప్పెట, కాలికి గజ్జెలు, అంచెలంచెలుగా పెరిగే ఆ దరువు ఏ మిషనులోనూ దొరకదు. వారిని పగలు ఊరేగింపులో నడిపించి రాత్రి స్టేజి కింద కూర్చోబెడుతున్నాం. వారి పక్కన కీబోర్డు పెట్టి నెల రోజులు సాధన చేయండి.

కమిటీల వారికి మనవి. రాత్రి ఏడు నుంచి ఎనిమిది దాకా, ఆడవాళ్లు, పిల్లలు మేలుకొని ఉండగా, ఆ ఒక్క గంట సొంత పాటకు వదలండి. అర్ధరాత్రి దాటాక ఇచ్చేది లెక్కలోకి రాదు. ఆర్కెస్ట్రాకు ఇచ్చే సొమ్ములో కొంత తప్పెటగుళ్ల వారికీ, ఈ కుర్రాళ్లకూ ముందుగానే విడదీసి, చందా పుస్తకంలో పద్దు రాయండి. సినిమా పాటలు ఎనిమిది తర్వాత ఎలాగూ ఉంటాయి.