నెత్తురు చిగుళ్లది, శిక్ష మాత్రకా?



పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి నెత్తురు వస్తోందని, తాను గర్భనిరోధక మాత్రలు వాడుతున్నానని ఒక పాఠకురాలు రాస్తే, మీ పత్రిక ఆరోగ్యం పేజీలో జవాబిచ్చారు. ఆ మాత్రల్లోని హార్మోన్లు చిగుళ్లను పాడుచేస్తాయి కాబట్టి వాటిని మానేసి వేరే దారి చూసుకోమన్నారు. తూర్పు గోదావరి జిల్లాలో ప్రాక్టీసు చేస్తున్న దంతవైద్యురాలిని నేను. ఆ జవాబులో మొదటి ముక్క పాతబడిన నిజం, రెండో ముక్క ప్రమాదకరమైన సలహా.

పాతబడింది అని ఎందుకంటున్నానంటే, 1960లో అమెరికాలో గర్భనిరోధానికి అనుమతి పొందిన తొలి మాత్ర ఎనోవిడ్. ఒక్కొక్క మాత్రలో ప్రొజెస్టిన్ దాదాపు 10 మిల్లీగ్రాములు, ఈస్ట్రోజెన్ 150 మైక్రోగ్రాములు ఉండేవి. అలాంటి మాత్రలు వాడిన స్త్రీల చిగుళ్లను అప్పట్లో పరీక్షించిన వాళ్లకు వాపూ, చిగురు అంచున ఊరే ద్రవమూ ఎక్కువగా కనిపించాయి. దంతవైద్య పాఠ్యపుస్తకాల్లోకి ఆ మాట అప్పుడు ఎక్కింది, ఇంకా దిగలేదు. ఇవాళ ప్రభుత్వం ఉచితంగా పంచే మాలా-ఎన్‌లోనూ, మందుల షాపులో దొరికే మాలా-డిలోనూ ఉన్నది 30 మైక్రోగ్రాముల ఈస్ట్రోజెన్, 0.15 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్. లెవోనార్జెస్ట్రెల్ కొద్దిగా ఉన్నా గట్టిగా పనిచేసే మందు కాబట్టి మిల్లీగ్రాములు పక్కపక్కన పెట్టి ఇన్ని రెట్లు తగ్గిందని చెప్పలేం. మొత్తం మీద మోతాదు బాగా తగ్గిందన్న మాట మాత్రం ఖాయం.

ఈ కొత్త మాత్రల మీద చేసిన పరీక్షలు వేరే కథ చెబుతున్నాయి. 2001లో అచ్చయిన ఒక ప్రయోగంలో మాత్ర వాడే స్త్రీలూ, వాడని స్త్రీలూ నోట్లో ఒక భాగాన్ని మూడు వారాల పాటు తోమకుండా వదిలేశారు. రెండు వర్గాలకూ అక్కడ చిగుళ్లు వాచాయి. చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అమెరికాలో దేశవ్యాప్తంగా సేకరించిన ఆరోగ్య వివరాలను విశ్లేషించినప్పుడు కూడా ఇప్పటి మాత్రలు చిగుళ్లకు చేటు చేస్తున్నాయనడానికి ఆధారం దొరకలేదు. అలాగని మాత్రకు పూర్తిగా నిర్దోషి పట్టా ఇవ్వను. ఏళ్ల తరబడి వాడేవాళ్లలో నెత్తురు కాస్త ఎక్కువగా వస్తుందన్న పరిశీలనలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. 2018లో వెలువడిన అంతర్జాతీయ వర్గీకరణ కూడా చిగుళ్ల వాపును ప్రభావితం చేసే హార్మోన్ల జాబితాలో ఈ మాత్రలకు చోటు ఉంచింది.

కానీ చిగుళ్ల వాపులో ఈ మాత్రల పాత్ర ఏమిటి? చిగుళ్ల కణజాలంలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్లను గుర్తుపట్టే గ్రాహకాలు ఉంటాయి. ప్రొజెస్టెరాన్ పెరిగితే అక్కడి సన్నటి రక్తనాళాలు వెడల్పై, ద్రవం బయటికి ఊరుతుంది. ప్రెవోటెల్లా ఇంటర్మీడియా అనే బాక్టీరియా ఈ హార్మోన్లను తనకు పోషకంగా కూడా వాడుకోగలదు. అయితే ఆ బాక్టీరియా బతికేది పంటి మీద పేరుకున్న పాచిలో. పాచి లేని చోట హార్మోను తనంత తానుగా వాపు తెచ్చిపెట్టదు, ఉన్న వాపును పెంచుతుందంతే. పొయ్యిలో నిప్పు లేకపోతే విసనకర్ర ఎంత విసిరితే మాత్రం ఏమవుతుంది?

ఇక మాత్ర మానేస్తే ఏమవుతుందో చూడండి. మరో జాగ్రత్త కుదిరేలోపే కోరుకోని గర్భం రావచ్చు. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో ఈ హార్మోన్లు మాత్ర ఇచ్చేదానికంటే ఎన్నో రెట్లు పెరుగుతాయి, చిగుళ్లు ఎర్రబడి వాచడం అప్పుడు మామూలు. చిగుళ్ల కోసం మాత్ర మానేసినావిడ చిగుళ్లకు అంతకంటే పెద్ద పరీక్ష తెచ్చుకుంటుంది. గర్భం సంగతి సరేసరి.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబ నియంత్రణ అంటే ఇప్పటికీ ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది అది చేయించుకున్నవారే. మాత్ర వాడేవాళ్లు ఒక్క శాతం కూడా లేరు. అయినా మా కుర్చీలో కూర్చునే అమ్మాయిల్లో ఈ మందులు వాడేవాళ్లు తక్కువేమీ కాదు. పీసీఓడీకనీ, నెలసరి సక్రమంగా రావడం లేదనీ గైనిక్ డాక్టరు అవే హార్మోన్లు రాసిస్తారు. పెళ్లికో, వ్రతానికో, తిరుపతి ప్రయాణానికో నెలసరి వాయిదా వేసుకోవడానికి షాపులో అడిగి కొనే నోరెథిస్టెరాన్ కూడా ప్రొజెస్టినే. వీళ్లెవరూ తమది గర్భనిరోధక మాత్ర అనుకోరు. పక్కన అమ్మ కూర్చుని ఉండగా "ఏమైనా మందులు వాడుతున్నావా?" అని మేం అడిగితే, పెళ్లికాని పిల్ల "లేదండీ" అనే అంటుంది. పైగా పీసీఓడీ ఉన్నవాళ్లలో చిగుళ్ల వాపు ఎక్కువన్న అధ్యయనాలూ ఉన్నాయి. ఆ నెత్తురుకు మాత్రను తప్పుపట్టాలో, ఆ జబ్బును పట్టాలో ముందు తేల్చుకోవద్దా?

అందుకే మా దంతవైద్యులు పేషెంటును ఒంటరిగా కూర్చోబెట్టి, "నెలసరి కోసం ఏమైనా మాత్రలు వేసుకుంటున్నావా?" అని అడగాలి. ఇది చిగుళ్లకే కాదు, పన్ను తీసేటప్పుడు కూడా పనికొస్తుంది. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వాడేవాళ్లలో జ్ఞానదంతం తీశాక ఆ గుంటలో నెత్తురు గడ్డ నిలవక, మూడో రోజుకల్లా భరించలేని నొప్పి రావడం ఎక్కువ. తొందర లేని పని అయితే ప్యాకెట్లోని హార్మోన్లు లేని ఐరన్ మాత్రలు వేసుకునే వారంలో పెట్టుకోవడం మంచిదని పాత పరిశోధనలు సూచించాయి. మేం రాసే అమాక్సిసిలిన్ మాత్ర పనిని చెడగొడుతుందన్న భయం కూడా చాలామందికి ఉంది, దానికి గట్టి ఆధారం లేదు. నిజంగా చెడగొట్టేది క్షయకు వాడే రిఫాంపిసిన్.

మందుల వల్ల చిగుళ్లు పెరిగిపోవడం నిజంగా చూడాలంటే ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వాడేవాళ్లను చూడండి. చిగుళ్లు పెరిగాయని ఫిట్స్ మందు సొంతంగా ఆపేయమని మీ పేజీ ఎవరికైనా సలహా ఇస్తుందా? ఆడవాళ్ల మాత్రల దగ్గరికొచ్చేసరికే ఆ తొందర ఎందుకో నాకు అర్థం కాదు.

వచ్చే సంచికలో ఆ పాఠకురాలికి మరో జవాబు అచ్చువేయండి. ముందు గార తీయించుకోమనండి. స్కేలింగ్ చేస్తే పళ్లు వదులైపోతాయన్న మాట నమ్మవద్దని కూడా రాయండి. నెత్తురు వస్తోందని బ్రష్ పక్కన పడేయకుండా, మెత్తటి బ్రష్‌తో రెండు పూటలా తోమమనండి. కొన్ని వారాలకూ ఆగకపోతే షుగరు, రక్తం పరీక్షలు చేయించుకోవాలి. మాత్ర మార్చాలా వద్దా అన్నది రాసిచ్చిన డాక్టరుతో తేల్చుకోవాలి. మీ జవాబు చదివి ఆవిడ ఇప్పటికే మానేసి ఉంటే, తిరిగి మొదలుపెట్టే ముందు గర్భం లేదని నిర్ధారించుకోవాలన్న మాట మరిచిపోకండి.

ఇట్లు,
ఒక దంతవైద్యురాలు,
తూర్పు గోదావరి జిల్లా