రంగుల దీపానికి తెలుగులో ఆజ్ఞలు

మార్చి 3వ తేదీన జంషెడ్‌పూర్‌లో ఉన్నవారికి జూబిలీ పార్కు దీపాలంకరణ గురించి వేరే చెప్పనక్కరలేదు. 1839లో అదే రోజున పుట్టిన జంషెడ్జీ టాటా జ్ఞాపకార్థం ఆ ఊరు ఏటా సంస్థాపక దినం జరుపుకొంటుంది. ఉక్కు కర్మాగారం యాభై ఏళ్ల పండుగకు గుర్తుగా 1958లో ప్రారంభమైన ఆ పార్కు ఆ రోజుల్లో రంగురంగుల దీపాలతో వెలుగుతుంది. చూడడానికి వచ్చే జనంలో, తరాల క్రితం పనికోసం వచ్చి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా ఉంటాయి.

"ఆ దీపాలు రంగులెలా మారుస్తాయి?" అని పిల్లలు అడిగితే పెద్దలు తరచుగా ఇచ్చే జవాబు ఒకటుంది. "అదంతా కంప్యూటరు పని, ఇంగ్లీషు వచ్చినవాళ్లకే తెలుస్తుంది." ఈ జవాబుతోనే నాకు పేచీ. చదువు మధ్యలో ఆగి, పెద్దయ్యాక మళ్లీ పుస్తకం పట్టినవారు కూడా ఈ మాటను నమ్మి, చేయగల పనిని వదులుకుంటున్నారు. రంగులు మారే చిన్న దీపాన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు. దానికి కావలసిన ఆలోచన మొత్తం తెలుగులోనే చేయవచ్చునని నా అభిప్రాయం.

ముందు సామాను చూద్దాం. ఊనో ఆర్3 వంటి మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఒకే బుడ్డిలో ఉండే కామన్ కాథోడ్ ఎల్‌ఈడీ ఒకటి, 220 ఓమ్‌ల రెసిస్టర్లు మూడు, కొన్ని తీగలు, పైన కప్పడానికి పలుచని తెల్ల కాగితం. (ఈ మూడింటిలో నీలం ఆఖరున వచ్చింది. బాగా వెలిగే నీలి ఎల్‌ఈడీని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు.) ఎల్‌ఈడీ కాళ్లలో అన్నిటికంటే పొడవైనదాన్ని గ్రౌండుకు, మిగిలిన మూడింటిని ఒక్కొక్క రెసిస్టరు గుండా 9, 10, 11 పిన్నులకు కలపాలి. రెసిస్టరు మానేస్తే ఎల్‌ఈడీతోపాటు బోర్డు కూడా పాడయ్యే ప్రమాదముంది. బోర్డుకు 5 వోల్టులు చాలు. ఇంటి గోడలోని 230 వోల్టుల తీగను దీని దగ్గరకు రానివ్వకండి.

మైక్రోకంట్రోలర్ అంటే ఒకే చిప్పులో ఇమిడిన చిన్న కంప్యూటరు. మనం వరుసగా రాసి ఇచ్చిన ఆజ్ఞలను, అంటే ప్రోగ్రామును, అది గుర్తుంచుకుంటుంది. పెద్ద కంప్యూటరు ఒక్కసారి ఎక్కించడానికే కావాలి. ఆ తరువాత ఫోను చార్జరుతో కూడా దీపం తన పని తాను చేసుకుపోతుంది.

అయితే ఈ పిన్నుకు వెలిగించడం, ఆర్పడం తప్ప మసకగా వెలిగించడం రాదు. మరి వెలుగు ఎలా తగ్గుతుంది? పిన్ను సెకనుకు దాదాపు 490 సార్లు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. తిరిగే ఫ్యాను రెక్కలు మనకు విడివిడిగా కనిపించవు గదా! అలాగే ఈ మిణుకు కూడా కనిపించదు. వెలిగే సమయం తక్కువైతే మసకగా, ఎక్కువైతే ప్రకాశంగా కనిపిస్తుంది. ఆ సమయాన్ని 0 నుంచి 255 వరకు అంకెతో చెబుతాము. మూడు రంగులనూ ఇలా కలిపితే 1,67,77,216 మేళవింపులు వస్తాయి. అన్నిటినీ మన కన్ను వేరుచేయలేదనుకోండి!

ఇప్పుడు బోర్డు పక్కన పెట్టి కాగితం తీసుకోండి. దీపం చేయవలసిన పనిని తెలుగులో రాయండి. "ఎరుపును ఒక మెట్టు తగ్గించు. ఆకుపచ్చను ఒక మెట్టు పెంచు. కాసేపు ఆగు. ఎరుపు సున్నా అయ్యేదాకా ఇలాగే చెయ్యి." మన ప్రోగ్రాము సారమంతా ఇదే. మధ్యలో రెండూ సమంగా ఉన్నప్పుడు పసుపు వంటి రంగు వస్తుంది. తరువాత ఆకుపచ్చ నుంచి నీలానికి, నీలం నుంచి ఎరుపుకు ఇదే పద్ధతి. కానీ "కాసేపు" అంటే ఎంత? మనిషికి చెబితే అర్థమవుతుంది, చిప్పుకు కాదు. మెట్టుకు 10 మిల్లీసెకన్లు అని రాస్తే 255 మెట్లకు రెండున్నర సెకన్లు పడుతుంది. "ఆగు" అన్న మాట మరచిపోతే చిప్పు కన్నుమూసి తెరిచేలోగా అన్ని మెట్లూ దిగిపోతుంది. మూడు రంగులూ కలిసి వెలవెలబోయిన తెలుపు ఒకటే మిగులుతుంది. తప్పు తెలుగు కాగితంలోనే ఉంది, అక్కడే దిద్దుకోవచ్చు.

ఎవరో రాసిన ప్రోగ్రామును ఉన్నదున్నట్లు ఎక్కించుకుంటే సరిపోదా అని కొందరు అంటారు. దీపం వెలుగుతుంది, నిజమే. కానీ వెలుగు మొదట్లో గబగబా పెరిగి, సగం దాటాక ఇక పెరగనట్లే కనిపిస్తుంది. 128 దగ్గర వెలుగు సగం ఉండాలి, కంటికి మాత్రం సగం కంటే చాలా ఎక్కువగా తోస్తుంది. మన కన్ను చీకటిలో చిన్న తేడాను కూడా పట్టుకుంటుంది, బాగా వెలుగు ఉన్నచోట పట్టుకోదు. మసకగా ఉన్నప్పుడు చిన్న మెట్లు, ప్రకాశం పెరిగాక పెద్ద మెట్లు పెట్టాలి. ఎరువు తెచ్చుకున్న ప్రోగ్రాములో ఏ వాక్యం దిద్దాలో తెలియదు. సొంతంగా రాసుకున్నవారు నేరుగా ఆ వాక్యం దగ్గరకు వెళతారు.

ఇంగ్లీషు అసలే అక్కరలేదని నేను అనడం లేదు. మన వాక్యాలను చిప్పుకు అందించేటప్పుడు ఫర్, లూప్, డిలే, అనలాగ్‌రైట్ వంటి మాటలు వాడక తప్పదు. ఈ దీపానికి అలాంటివి పది లోపే. వాటిని వేరే కాగితం మీద అర్థాలతో రాసి పక్కన పెట్టుకోండి. అసలు చిక్కు మరోచోట ఉంది. వాక్యం చివర సెమీకోలన్ పెట్టడం మరచిపోతే, తప్పును చెప్పే సందేశం ఇంగ్లీషులోనే వస్తుంది. మొదటిసారి అది చూసి చాలామంది చేతులెత్తేస్తారు. ఆ సందేశమంతా చదవనక్కరలేదు, దానిలో వరుస సంఖ్య ఉంటుంది. ఆ వరుసను, దాని పై వరుసను మీ తెలుగు కాగితంతో పోల్చి చూడండి.