ప్రాంతాల, దేశాల ఆర్థిక పరిమాణాల పోలిక

ఒక రాష్ట్రం, జిల్లా లేదా నగరం ఏడాది కాలంలో ఉత్పత్తి చేసే వస్తువుల, సేవల మొత్తం విలువను ఒక స్వతంత్ర దేశపు స్థూల దేశీయోత్పత్తితో సరిచూడడాన్ని ప్రాంతాల, దేశాల ఆర్థిక పరిమాణాల పోలిక అంటారు. పెద్ద అంకెలను సామాన్య పాఠకునికి అర్థమయ్యేలా చెప్పడానికి పత్రికలు, ప్రభుత్వాలు ఈ పోలికను విరివిగా వాడుతున్నాయి. అయితే పరిమాణంలో సమానమైన రెండు ప్రాంతాలు జీవన ప్రమాణంలో సమానం కావు. ఈ తేడాకు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, అందులోని పల్నాడు జిల్లా మంచి ఉదాహరణలు.

నేపథ్యం

2007లో అమెరికా సంయుక్త రాష్ట్రాల పటంపై ప్రతి రాష్ట్రం పేరు స్థానంలో దానికి సమానమైన ఆర్థిక వ్యవస్థ గల దేశం పేరు రాసిన పటం ఒకటి ప్రచారంలోకి వచ్చింది. అందులో కాలిఫోర్నియా స్థానంలో ఫ్రాన్సు, టెక్సాస్ స్థానంలో కెనడా ఉన్నాయి. 2011లో ది ఎకనామిస్ట్ పత్రిక భారతదేశ రాష్ట్రాలకు ఇటువంటి పటం తయారు చేసింది. ఉత్తరప్రదేశ్ జనాభాలో బ్రెజిల్‌కు, మొత్తం ఉత్పత్తిలో కతార్‌కు, తలసరి ఉత్పత్తిలో కెన్యాకు సాటి అని ఆ పటం చూపింది. కొలమానాన్ని బట్టి ఒకే రాష్ట్రానికి మూడు వేర్వేరు దేశాలు జోడు కావడం ఇందులో గమనించదగినది.

ఆంధ్రప్రదేశ్ ఉదాహరణ

2023-24 ముందస్తు అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్ స్థూల ఉత్పత్తి సుమారు 14.4 లక్షల కోట్ల రూపాయలు. డాలరుకు 83 రూపాయల చొప్పున ఇది సుమారు 17,350 కోట్ల డాలర్లు. 2023లో కువైట్, ఉక్రెయిన్ దేశాల స్థూల దేశీయోత్పత్తి కూడా దాదాపు ఈ స్థాయిలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల ఉత్పత్తిని కలిపితే అది సుమారు 24 కోట్ల జనాభా గల పాకిస్తాన్ ఉత్పత్తికి దగ్గరగా వస్తుంది.

కువైట్‌తో పోలికను ఇంకొంచెం పరిశీలించాలి. ఆ దేశ జనాభా సుమారు 50 లక్షలు; ఆంధ్రప్రదేశ్ జనాభా సుమారు 5.3 కోట్లు. అంటే దాదాపు అదే మొత్తం ఇక్కడ పది రెట్ల కంటే ఎక్కువ మందికి సర్దుబాటు కావాలి. రాయలసీమ, గోదావరి జిల్లాల నుండి వేలాది మంది ఇంటిపనికి, డ్రైవరు పనికి కువైట్ వెళ్ళడానికి కారణం ఈ తలసరి తేడాయే.

పల్నాడు ఉదాహరణ

పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుండి ఏర్పడింది. జిల్లా కేంద్రం నరసరావుపేట. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ప్రాంత జనాభా 20.42 లక్షలు. ఐరోపాలోని స్లోవేనియా జనాభా సుమారు 21 లక్షలు. 2023లో స్లోవేనియా ఉత్పత్తి సుమారు 6,800 కోట్ల డాలర్లు. అంటే పల్నాడంత జనాభా గల ఆ దేశం మొత్తం ఆంధ్రప్రదేశ్ ఉత్పత్తిలో మూడవ వంతుకు పైగా ఉత్పత్తి చేస్తున్నది.

పల్నాడు ప్రజల తలసరి ఉత్పత్తి రాష్ట్ర సగటుకు సమానమని అనుకుంటే జిల్లా ఉత్పత్తి సుమారు 55,000 కోట్ల రూపాయలు, అనగా 670 కోట్ల డాలర్లు అవుతుంది. ఇది ఉదాహరణ కోసం వేసిన లెక్క మాత్రమే. 2023లో మాల్దీవుల ఉత్పత్తి దాదాపు ఇంతే. అయితే ఆ దేశ జనాభా సుమారు 5 లక్షలు, పల్నాడులో నాలుగవ వంతు.

జిల్లా ఆర్థిక వ్యవస్థకు వ్యవసాయం, సున్నపురాయి ఆధారం. 1967లో నీరు విడుదలైన నాగార్జునసాగర్ కుడి కాలువ కింద వరి, మిరప, పత్తి పండుతున్నాయి. మాచర్లలో 1958 నుండి సిమెంటు కర్మాగారం ఉంది. పిడుగురాళ్ళ సున్నం బట్టీలకు ప్రసిద్ధి.

పోలికలోని పరిమితులు

* మారకపు విలువ: 2013-14లో డాలరు సగటున సుమారు 60 రూపాయలు, 2023-24లో సుమారు 83 రూపాయలు. రూపాయలలో ఉత్పత్తి మారకపోయినా డాలర్లలో నాలుగవ వంతుకు పైగా తగ్గినట్లు కనిపిస్తుంది. 2024లో కాలిఫోర్నియా 4.10 లక్షల కోట్ల డాలర్లతో జపాన్‌ను (4.02 లక్షల కోట్లు) దాటింది. 2012లో జపాన్ ఉత్పత్తి 6 లక్షల కోట్ల డాలర్లకు పైగా ఉండేది. ఈ తగ్గుదలకు ప్రధాన కారణం యెన్ విలువ పడిపోవడమే గాని కర్మాగారాలు మూతపడడం కాదు.

* కొనుగోలు శక్తి: డాలరుకు అమెరికాలో దొరికే సరుకు భారతదేశంలో సుమారు 20 నుండి 24 రూపాయలకు దొరుకుతుందని అంతర్జాతీయ అంచనాలు చెబుతున్నాయి. ఈ లెక్కన భారతీయ ప్రాంతాల పరిమాణం మూడు, నాలుగు రెట్లు పెరుగుతుంది. అయితే దిగుమతి చేసుకునే చమురుకు, యంత్రాలకు మారకపు ధరే చెల్లించాలి.

* ఉత్పత్తి, ఆదాయం: జిల్లా ఉత్పత్తి అంటే జిల్లా ప్రజల ఆదాయం కాదు. మాచర్లలో తయారైన సిమెంటు విలువ పల్నాడు లెక్కలో చేరుతుంది, కాని లాభం కంపెనీ యజమానులు ఉన్న చోటికి పోతుంది. పల్నాడు మిరపకాయలు గుంటూరు యార్డులో అమ్ముడైనప్పుడు వ్యాపారపు విలువ గుంటూరు లెక్కలో పడుతుంది.

* ధరల ఒడిదుడుకులు: 2023లో క్వింటాలు మిరప 20,000 రూపాయలు దాటి పలికింది. 2025 ఫిబ్రవరి నాటికి ధర పడిపోగా, కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించవలసి వచ్చింది. అదే చేనులో అదే పంట పండినా జిల్లా ఆర్థిక పరిమాణం తగ్గినట్లు లెక్క తేలుతుంది.

* ఎల్లలు: చారిత్రకంగా పల్నాడు అంటే గురజాల, మాచర్ల పరిసరాలు. 12వ శతాబ్దంలో ఈ రెండు ఊళ్ళు వేర్వేరు రాజ్యాలకు రాజధానులు. నేటి జిల్లాలో నరసరావుపేట, చిలకలూరిపేట, సత్తెనపల్లి కూడా ఉన్నాయి. 2022కు ముందు, తరువాత లెక్కలను నేరుగా పోల్చడం కుదరదు.

* స్వయం నిర్ణయాధికారం: దేశానికి సాధారణంగా సొంత నాణెం, సుంకాలు, సరిహద్దులు ఉంటాయి. ప్రాంతానికి ఉండవు. పల్నాడు సాగునీరు కృష్ణా జలాల పంపకంపై ఆధారపడింది. 2023 నవంబరు 30న ఆంధ్రప్రదేశ్ అధికారులు, పోలీసులు నాగార్జునసాగర్ ఆనకట్ట 13 గేట్లను అధీనంలోకి తీసుకొని కుడి కాలువకు నీరు వదలడం, తరువాత కేంద్ర బలగాలు అక్కడికి రావడం ఈ పరాధీనతను తెలియజేస్తాయి.

ప్రాముఖ్యత

ఈ లెక్కలపై నిధుల పంపిణీ ఆధారపడి ఉంటుంది. 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాల వాటాను నిర్ణయించడంలో తలసరి ఆదాయంలోని అంతరానికి 45 శాతం ప్రాధాన్యత ఇచ్చింది. రాష్ట్ర విభజన తరువాత రాయలసీమలోని 4, ఉత్తరాంధ్రలోని 3 వెనుకబడిన జిల్లాలకు ఏటా 50 కోట్ల రూపాయల చొప్పున కేంద్ర సహాయం ప్రకటించారు. అప్పుడు పల్నాడు గుంటూరు జిల్లాలో భాగం. కృష్ణా డెల్టా మాగాణితో, నగర వ్యాపారంతో కలిపి తీసిన సగటులో మాచర్ల, బొల్లాపల్లి వంటి మెట్ట మండలాల పరిస్థితి విడిగా కనబడలేదు.

2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విడుదల చేసిన స్వర్ణాంధ్ర 2047 పత్రం 2.4 లక్షల కోట్ల డాలర్ల రాష్ట్ర ఉత్పత్తిని, 42,000 డాలర్ల తలసరి ఆదాయాన్ని లక్ష్యాలుగా పేర్కొంది. మొదటి అంకె రాష్ట్రం ఏ దేశాన్ని దాటుతుందో చెప్పగలదు. రెండవ అంకె ప్రజల జీవనానికి దగ్గరైనది. అయితే అది కూడా సగటే కనుక, జిల్లాల, మండలాల లెక్కలను విడిగా చూసినప్పుడే దాని అసలు అర్థం తెలుస్తుంది.