పిలుపు తెలిస్తేనే పాత్ర తెలుస్తుంది

డిగ్రీ తరగతిలో నవల చెప్పేటప్పుడు ఇతివృత్తం, పాత్రచిత్రణ, దృష్టికోణం, నేపథ్యం అనే మాటలు నేర్పుతాం. నల్లగొండ జిల్లాలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'కి, దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు'కు ఆ మాటలు మాత్రమే చాలవు. దొర నివాసమైన గడి, మక్తా, వెట్టి, నాగు, పట్వారీ అంటే ఏమిటో తెలియని విద్యార్థికి ఆ నవలల సంభాషణల్లో సగం బరువు అందదు.

ఆడబాప అన్న మాటకు 'దాసి' అని అర్థం రాసి ఊరుకుంటే అన్యాయం. దొరబిడ్డ పెళ్లయి పోతుంటే వెంట అత్తింటి గడికి పంపిన ఆడపిల్ల ఆమె. పెళ్లి, సొంత ఇల్లు, బిడ్డకు తండ్రి పేరు ఆమెకు దక్కేవి కావు.

గడి ముందు నుంచి పోయే రైతు చెప్పులు చేతబట్టుకునేవాడు, భుజం మీది తువ్వాల నడుముకు చుట్టుకునేవాడు. ఊరికి ఎల్లయ్య అయినవాడు గడిలో 'ఎల్లిగాడు'. 1944లో భువనగిరి ఆంధ్ర మహాసభ తర్వాత నల్లగొండ పల్లెల్లో సంఘం బలపడినకొద్దీ ఈ కట్టుబాట్లు సడలాయి. దొర ఎదుట తువ్వాల భుజాన్నే ఉంచుకుని నిలబడ్డాడంటే ఆ మనిషి మారినట్టే. రచయిత వేరే చెప్పనక్కరలేదు. పాత్రచిత్రణ అంటే అదే. క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమన్న ఔచిత్యం కూడా ఇక్కడే పనికొస్తుంది: ఎవరు ఎవరిని ఎలా పిలవాలో తెలిసినప్పుడే, ఆ పిలుపు తప్పిన చోట కథ మలుపు తిరిగిందని పోల్చుకుంటాం.

ఇంగ్లిష్ నవలకూ ఇదే వర్తిస్తుంది. జేన్ ఆస్టెన్ 1813 నాటి 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో బెన్నెట్ ఎస్టేటు కూతుళ్లకు రాదు, మగ వారసుడికే పోతుంది. అది తెలియకపోతే కూతుళ్ల పెళ్లిళ్ల కోసం తల్లి పడే ఆరాటం వట్టి చాదస్తంగా కనిపిస్తుంది. అందుకే ఇంగ్లిష్ పాఠ్యప్రతులు ఇలాంటి విషయాలకు వివరణలు జోడిస్తాయి. మన నవలలకూ ఆ మర్యాద దక్కాలి.

దారి చూపినవాడు పాలమూరు బిడ్డే. సురవరం ప్రతాపరెడ్డి 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వెలువరించి, కావ్యాల్లో దాగిన తిండి, బట్ట, ఆటల మాటలను జనజీవితంతో కలిపి చదివారు. మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు ఆ పనిని నవలల దాకా తేవాలి. గడి పాలన చూసిన వృద్ధులు ఇంకా కొందరున్నారు. ప్రతి మాటకూ అర్థంతోపాటు ఎవరు ఎవరితో అన్నారు, ఏ సందర్భంలో అన్నారు అన్నదీ రాసుకోవాలి. విద్యార్థులు సేకరించి తెస్తే ఆ పదపట్టికలను మా పత్రిక అచ్చువేస్తుంది. ఈ విద్యాసంవత్సరమే మొదలుపెట్టండి.