ఆఖరి బస్సు ఎన్నింటికి?

పిల్లనిచ్చే ముందు మనవాళ్లు ఏం చూస్తారు? అబ్బాయి జీతం ఒక్కటే కాదు. ఊళ్లో నీళ్లున్నాయా, పుట్టింటికి బస్సుందా, దగ్గర్లో ఆసుపత్రి ఉందా అని ఆరా తీస్తారు. మరి వందలమంది ఆడపిల్లలు రోజూ వెళ్లి రావలసిన ఫ్యాక్టరీకి స్థలం చూసేటప్పుడు ఈ ప్రశ్నలెవరూ అడగరేం?

పాత నెల్లూరు జిల్లా సంగతే చూడండి. పరిశ్రమలన్నీ రేవు, రైలు, చెన్నై రోడ్డు ఉన్న తూర్పు వైపే వచ్చాయి. కృష్ణపట్నం, నాయుడుపేట, తడ... తప్పు పట్టలేం. ముడిసరుకు రావాలి, తయారైన సరుకు పోవాలి. తడ దగ్గర బూట్ల తయారీలో, శ్రీసిటీలో సెల్‌ఫోన్లు బిగించే పనిలో ఎక్కువమంది ఆడపిల్లలే. ఉదయగిరి అమ్మాయి అక్కడ చేరాలంటే మాత్రం హాస్టల్లో ఉండాల్సిందే. మా బంధువులమ్మాయి అలాగే రెండేళ్లు చేసింది. పెళ్లయింది, బిడ్డ పుట్టింది, ఉద్యోగం పోయింది. ఎవరూ తీసెయ్యలేదు. దూరమే మాన్పించింది.

ఇప్పుడు పడమటికీ కాస్త కళ వస్తోంది. ఆత్మకూరు దగ్గర నారంపేటలో చిన్న, మధ్యతరహా పరిశ్రమల పార్కును 2025 మే 1న ముఖ్యమంత్రి ప్రారంభించారు. నడికుడి-శ్రీకాళహస్తి రైలు మార్గం ఆత్మకూరు మీదుగానే వేస్తున్నారు. సోమశిల నీళ్లూ దగ్గరే. మరి ఉదయగిరికి? వానలు తక్కువ, పైగా ఆ చుట్టుపక్కల ఫ్లోరైడ్ నీళ్ల బాధ. తాగడానికే కటకటలాడే చోట నీళ్లు మింగే ఫ్యాక్టరీ పెట్టమని నేనూ అనను.

కానీ ఉదయగిరిలో పని తెలిసిన చేతులున్నాయి. అక్కడి చెక్క గరిటెలకు, చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పనిలో ఆడవాళ్లే ఎక్కువ. పని గడప దగ్గరే ఉంది కనక పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చి కూడా చేసుకోగలరు. ఇంట్లో చేసే పనికి హాజరు పట్టీ ఉండదు, పీఎఫ్ ఉండదు కదా అంటారా? నిజమే. అందుకే నీళ్లు పెద్దగా అక్కర్లేని కుట్టుపని, ప్యాకింగ్, విడిభాగాలు బిగించే షెడ్లు అక్కడ పెట్టమంటున్నాను. పెద్ద యూనిట్ ఆత్మకూరులో ఉండనివ్వండి, దాని అనుబంధ పని ఉదయగిరికి రానివ్వండి.

స్త్రీలు పనిచేసే పెద్ద ఫ్యాక్టరీల్లో పసిపిల్లలకు గది ఉండాలని 1948లోనే చట్టం చేశారు. గది ఉంటే సరిపోతుందా? చంకలో బిడ్డతో అక్కడిదాకా చేరాలి కదా! 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మనకు టిక్కెట్టు లేదు. సంతోషమే. కానీ షిఫ్టు దిగే వేళకు బస్సే లేకపోతే ఆ ఉచితం ఎందుకు?

ఈసారి మీ ఊరికి ఫ్యాక్టరీ వస్తోందని ఎవరైనా చెబితే, ఎన్ని ఉద్యోగాలని అడగండి. ఆ వెంటనే ఆఖరి బస్సు ఎన్నింటికని కూడా అడగండి. జవాబు చెప్పలేకపోతే, స్థలం ఇంకా సరిగా చూడలేదన్నమాటే!